నొప్పి లేదని రాసిన కాలు

ఆస్పత్రిలో మంచం చివర వేలాడే కాగితాన్ని నేను నమ్మను. ఆ నమ్మకం అమ్మకి టైఫాయిడ్ వచ్చినప్పుడే పోయింది. మేముండే హిందీ ఊళ్లో అప్పటికింకా వార్డుల్లోకి కంప్యూటర్లు రాలేదు. పొద్దున్నే పాలు పట్టుకెళ్లి, ఊరికే ఆ కాగితం తిప్పి చూశాను. సాయంత్రం గడిలో తగ్గిన జ్వరం అంకె అప్పటికే రాసి ఉంది. ఇదేమిటని అడిగితే సిస్టర్ తల కూడా ఎత్తకుండా, "శామ్ కో ఇత్నా హీ రహ్తా హై" అంది. సాయంత్రం ఎలాగూ అంతే ఉంటుందట. తీరా సాయంత్రానికి అమ్మ రెండు దుప్పట్లు కప్పినా గజగజ వణికింది. కాగితంలో మాత్రం జ్వరం తగ్గిపోయింది. అమ్మ కోలుకుంది గానీ నా అనుమానం మాత్రం నన్ను వదల్లేదు.

చాలా ఏళ్ల తర్వాత నాన్న మా ఊళ్లోనే టాటీబంధ్ కూడలిలో ఆటో దిగుతూ పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆయన రైల్వే వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. మోకాలి నుంచి పాదం దాకా పిండికట్టు వేశారు. ఇది వేరే ఆస్పత్రి, కొత్తది. సిస్టర్లు చక్రాల బల్ల మీద కంప్యూటర్ తోసుకుంటూ వస్తారు. నేను వెనక నుంచి మెడ సాచి చదివాను. నొప్పి లేదు, హాయిగా ఉన్నారు. నిన్నా అదే మాట, మొన్నా అదే మాట, ఒక్క అక్షరం మారలేదు. ఓహో, పెన్ను పోయి మీట వచ్చిందన్నమాట, నిన్నటిది తెచ్చి ఇవాళ అతికిస్తున్నారు అనుకున్నాను.

ఎందుకంటే నాన్న నాతో చెప్పేది వేరు. "మడమకాడ మండిపోతందే అమ్మా. నిప్పెట్టినట్టుంది" అంటాడు. దుప్పటి అంచు పిడికిట్లో నలిపేస్తాడు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు ఆయన ముఖం చూడలేదు, తెర చూశాడు. అంతా బాగుంది, రేపు ఇంటికి తీసుకెళ్లండి అన్నాడు. ఆ కట్టు లోపల మడమ ఏమైపోతోందో ఎవరికీ పట్టలేదు. నాకు ఒళ్లు మండింది.

సిస్టర్ని నిలదీశాను. నిన్నటిదే అతికించారు కదా అని హిందీలో గట్టిగానే అడిగాను. ఆ అమ్మాయి వాదించలేదు. "ఆప్ ఖుద్ సున్ లీజియే" అని, నన్నే వినమని మంచం దగ్గరికి తీసుకెళ్లింది.

"బాబూజీ, దర్ద్ హై క్యా?" నొప్పి ఉందా అని నా ముందే అడిగింది.

నాన్న దిండు మీద నిటారుగా లేచి, జుట్టు సవరించుకున్నాడు. "నహీ సిస్టర్. ఏక్‌దమ్ ఫిట్."

నా తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల నా వంక ఒకసారి చూసి వెళ్లిపోయింది. నేను నాన్న మీద విరుచుకుపడ్డాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నీకు తెల్దు. తెల్లకోటోళ్ల ముందు నొప్పంటే అన్‌ఫిట్ రాసేస్తారు. మెడికల్లో అన్‌ఫిట్ అయినోళ్లని ఎన్నాళ్లు అదే నౌకరీలో ఉంచారు? కింది పోస్టుకి తోసేశారు. మోకాలు వాచినా నేను ఏనాడూ చెప్పలేదు."

"నువ్వు రిటైరైపోయావు కదా నాన్నా."

"పెన్షనుందిగా, అది ఆపేస్తే? కాయితమైతే ఈడే ఉంటాది. కంప్యూటర్లో ఎక్కితే ఆఫీసోళ్లకి పోదని ఏటి గేరంటీ?"

నేను సిస్టర్ని అనుమానిస్తున్నాను, ఆయన ఆ పెట్టెనే అనుమానిస్తున్నాడు. పాపం ఆ సిస్టర్ విన్నదే రాసింది. కానీ విన్నది మాత్రమే రాసింది, నలిగిన దుప్పటిని చూడలేదు. నేనే వెళ్లి, మడమ మండిపోతోందని కూతురు చెబుతోంది అని రాయమన్నాను. అలా రాయడానికి గడి లేదంది. ఎక్కడో ఒకచోట రాయి తల్లీ, రాసేదాకా కదలను అన్నాను. చివరికి కిందెక్కడో టైపు చేసింది. ఒక్కొక్క అక్షరం పడేదాకా అక్కడే నిలబడ్డాను. ఇప్పటికీ అంతే, చూడందే నమ్మను.

అది చదివి డాక్టరు మడమ దగ్గర కట్టు కోయించాడు. లోపల చర్మం నల్లబడి చీము పట్టింది. ఇంకాస్త ఆలస్యమైతే ఎముకకి పాకేదని చెబుతుంటే, కాలు పోయేదన్న మాట ఆయన అనకపోయినా నాకు వినిపించింది.

పుండు కడుగుతూ సిస్టర్ మళ్లీ అడిగింది, దర్ద్ హై క్యా అని. నాన్న కళ్ల నిండా నీళ్లు, పెదవి మాత్రం బిగించి ఉంది. ముందు నన్ను చూశాడు, తర్వాత తెరని.

"థోడా" అన్నాడు. కొంచెం.

ఆమె టైపు చేసింది. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏటి రాసిందో సూడే."

వంగి చదివాను. "నొప్పి ఉందని రాసింది నాన్నా. అన్‌ఫిట్ అని ఎక్కడా లేదు."

"సరిగ్గా సూసేవా?"

"చూశాను."

అప్పుడు గానీ ఆయన మూలగలేదు.