మా అమ్మ దాటించాలనుకున్న కాలదోషం

మొన్న పొద్దున పంజాగుట్టలో మెట్రో దిగి నడుస్తుంటే పక్కన ఏదో దుకాణం షట్టర్ దడదడమని పైకి లేచింది. ఇన్నేళ్లయినా ఆ చప్పుడుకు నా భుజాలు వాటంతట అవే ముడుచుకుపోయాయి, మా చెల్లెలు కళ్లముందు మెదిలింది.

అప్పట్లో చెల్లెలు అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుని జాకెట్లు కుట్టేది. నేత ఊరి నుంచి వచ్చినవాళ్లం కదా, బట్ట చేతిలోకి వస్తే చాలు, దానికి ఆకలి కూడా గుర్తుండేది కాదు. షట్టర్ స్ప్రింగు పాడైందని ఎన్నిసార్లు చెప్పినా ఆ గది యజమాని రేపు రేపు అంటూ నెట్టుకొచ్చాడు, ఒకరోజు అది తెగి షట్టర్ వచ్చి దాని కుడి మణికట్టు మీదే పడింది. ఎముకైతే అతుక్కుంది గానీ వేళ్లు మడవడం రాలేదు. ఇంకో ఆపరేషన్ చేయిస్తే మళ్లీ కత్తెర పట్టొచ్చని డాక్టరు అన్నాడు. అంత ఖర్చు మావల్ల ఎక్కడవుతుంది? యజమానేమో చూద్దాంలే అంటూనే ఏళ్లు గడిపేశాడు.

చివరికి పక్కింటి కోస్తా ఆవిడ మమ్మల్ని బేగంపేటలో ఒక ప్లీడరుగారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఆస్పత్రి కాగితాలు చూసి, నష్టపరిహారానికి దావా వేయొచ్చు, ఇప్పుడే సంతకం పెట్టండి, ఆగితే కాలదోషం పడుతుంది అన్నాడు. ఆ చివరి మాట మా అమ్మ చెవిన పడింది. అమ్మకు తెలిసిన దోషాలు వేరు. ఎడమచేత్తో సంతకం పెట్టబోతున్న చెల్లెల్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చేసింది.

"దోషమున్నదని సారే చెప్తుండు, గిప్పుడు కోర్టు మెట్లెక్కుతరా బిడ్డా? జర పోనీ!"

పంతులుగారిని అడిగితే, ఆయన పాపం ప్లీడరు మాట వినలేదు కదా, మూఢం నడుస్తోంది, దాటాక మొదలుపెట్టుకోండి అన్నాడు. మేమందరం తలలూపాం. శనివారాలు నువ్వులనూనె దీపాలు కూడా పెట్టాం.

మూఢం పోయాక, కొబ్బరి ముక్కలు కొంగున కట్టుకుని నిశ్చింతగా వెళ్లాం. దోషం పోయింది సారూ అని అమ్మ చెప్పగానే ప్లీడరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఏంటమ్మా ఇన్నాళ్లూ? అది గ్రహదోషం కాదండీ, గడువు! దెబ్బ తగిలిన మూడేళ్లలోపు దావా పడాలి. దాటిందా, ఇక మన మాట కోర్టు వినదు."

"గడువంటే మాకు సమజ్ గాదా సారూ! గా ముక్కే చెప్తే ఆనాడే సంతకం పెట్టిస్తుంటి గద!" అని అమ్మ ఎదురు తిరిగింది.

ఆయన నవ్వాలో కోప్పడాలో తెలియక గబగబా తేదీ చూశాడు. దేవుడి దయ, ఇంకా కొద్ది రోజులు మిగిలే ఉన్నాయి. ఆ వారమే దావా పడింది. కోర్టు నోటీసు అందాక యజమాని తానే రాజీకి వచ్చాడు, ఆపరేషన్ జరిగింది, నెలల తరబడి పిండిముద్ద పిసికి పిసికి చెల్లెలి వేళ్లు దారికొచ్చాయి. మళ్లీ మొట్టమొదట కుట్టింది అమ్మ రవికే. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి, అయినా అమ్మ అది తొడుక్కునే చుట్టాలందరి ఇళ్లకీ తిరిగింది.

అమ్మ ఇప్పుడు లేదు. చదువుకున్నవాళ్లు చెప్పిన మాట అర్థం కాకపోతే, మళ్లీ అడగడానికి మొహమాటపడి మనకు తోచిన అర్థంతో ఇంటికొచ్చేసిన కాలం కూడా మెల్లగా వెళ్లిపోతోంది. చెల్లెలి దగ్గర కుట్టు నేర్చుకునే ఆడపిల్లలైతే డాక్టరునైనా వకీలునైనా "అంటే ఏంది సార్?" అని తెలిసేదాకా వదలరు. వాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. అమ్మ ఉంటే వాళ్ల మధ్యే పీట వేసుకుని కూర్చునేది, తాను అడగనివన్నీ వాళ్ల చేత అడిగించేది.