రాగి రాకూడని చోటు

బోర్డు డిజైనర్ సుజాత గుండె ఆగి మరణించిందని మొన్న రాజమండ్రి నుంచి ఫోన్ వచ్చింది. "ఏ సుజాత?" అని గదమాయించాను. నాకు తెలిసిన సుజాత ఒక్కతే. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, అశనిపాతం అనే మాట రాయడానికి ఇన్నాళ్ళకు అవసరం పడింది.

రామచంద్రపురంలోని మా షెడ్డులో రొయ్యల చెరువుల నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లకు కంట్రోల్ పెట్టెలు బిగిస్తాం. అందులోని సర్క్యూట్ బోర్డు మీద కరెంటు పారే రాగి గీతలు ఎలా పోవాలో సుజాత గీసేది. ఆమె సాఫ్ట్‌వేర్ ఒకటి, బోర్డు తయారుచేసే ఫ్యాక్టరీవాళ్ళది మరొకటి. ఆమె ఫైలును వాళ్ళదానికి పనికొచ్చేలా మార్చి పంపాలి. మార్చాక పాతదీ కొత్తదీ పల్చటి కాగితాల మీద అచ్చుతీసి, ఒకదానిపై ఒకటి కిటికీ అద్దానికి అంటించి చూసేది. "ఫైలు తెరుచుకుందంటే సరిగ్గా వచ్చిందని కాదండి" అనేది.

మెత్తని మనిషి కాదు. మా టీ బాగోలేదని మొహం మీదే చెప్పి ఫ్లాస్కు తెచ్చుకునేది.

ఒక వేసవిలో చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతోంది. పెట్టెల కోసం రైతు వీర్రాజు మా గుమ్మంలో కూర్చున్నాడు.

"రొయ్య తేలిపోతందండి! ఈవిడ కాగితాలకి హారతి ఇత్తందేంటండి?"

నాకూ ఒళ్ళు మండింది. "కంప్యూటర్ తప్పేం లేదంటోందిగా అమ్మా! పంపెయ్."

"పంపనండి బాబాయిగారూ."

"ఇంకొకరి చేత పంపిస్తాను."

"పంపించండి. ముందు ఇలా రండి."

పాత బొమ్మలో కరెంటు వచ్చే గీతలకూ, చెరువులో ఆక్సిజన్ కొలిచే సెన్సారు తీగ కలిసే గీతలకూ నడుమ వెడల్పాటి ఖాళీ ఉంది. కొత్తదాంట్లో అక్కడికి రాగి పాకింది. గీతలన్నీ వచ్చాయి గానీ, ఇక్కడ రాగి రాకూడదని ఆమె పెట్టిన కట్టడి ఫైలుతో రాలేదు. కట్టడే లేనప్పుడు కంప్యూటర్‌కు తప్పెలా కనిపిస్తుంది?

"వీర్రాజుగారూ, సెన్సారు ఎలా కడుగుతారండి?"

"చెరువులో దిగి, చేత్తోనండి."

"ఈ బోర్డుకి చెమ్మ తగిలితే ఆ తీగలోకి కరెంటు వచ్చేస్తుందండి."

వీర్రాజు తన అరచేతులు చూసుకున్నాడు.

ఆమె సరిచేసి, మళ్ళీ అద్దానికి అంటించి చూశాకే ఫైలు కదిలింది. ఆలస్యానికి కొంత రొయ్య పోయింది.

నిన్న సమాధి దగ్గరికి నాకంటే ముందు వీర్రాజు వచ్చాడు. "ఆవిణ్ణి చాలా తిట్టేనండి" అని ఏడ్చాడు. తిట్టడానికైనా, ఏడవడానికైనా మనిషి మిగిలాడు. అది ఆమె చేసిన పని. ఆ పనికి అంత మొండి మనిషిని ఇక ఎక్కణ్ణుంచి తేను?

సుజాతా, వయసులో నీకన్నా పెద్దవాణ్ణి. అయినా నీకు దండం పెడుతున్నాను.