దుంగల మీద పడవ

ఆ మధ్యాహ్నం తెరచాప తాడును వదులుగా ఉంచాల్సింది. నేను బిగించి కట్టాను. పన్నెండేళ్లు విశాఖ రేవులో పడవలు బాగుచేసినవాణ్ణి. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

తొంభైల చివర్లో అరకులో నాకు నాలుగు గదుల లాడ్జి ఉండేది. చుట్టూ కొత్త హోటళ్లు లేచాయి, నా దగ్గర ఎవరూ ఆగడం లేదు. అప్పుడు రేవులో ఓ మూల పడి ఉన్న పాత పడవ గుర్తొచ్చింది. ఎవరో విదేశీయుడు సముద్రాలు దాటి వచ్చి, దాన్ని వదిలేసి పోయాడు. ఫైబర్‌గ్లాసుతో పడవలు చేయడం మొదలైన కొత్తలో కట్టినది. ఆ సరుకు ఏపాటి ఆగుతుందో అప్పటి వాళ్లకి నమ్మకం లేదేమో, చెక్క పడవంత మందంగా పోశారు. కొండ మీద పడవ ఉందంటే జనం చూడ్డానికైనా ఆగుతారని, లారీ మీద ఘాట్ రోడ్డు ఎక్కించి, పెరట్లో దుంగల ఊతాల మధ్య నిలబెట్టాను. దాని తెల్ల తెరచాపలు రెండింటికీ కుట్లు నేనే మళ్లీ వేశాను. ఇంట్లో పిల్లల బట్టలు ఏనాడూ మడతపెట్టనివాణ్ణి, వాటిని మాత్రం ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు.

కంచెకవతల ఇంట్లో కాఫీ పండించే గిరిజన దంపతులు ఉండేవారు. అక్కడివాళ్లు అక్కని పిలిచినట్టు ఆవిణ్ణి అప్పా అని పిలిచేవాణ్ణి. ఆ ఏడు వాళ్లు ప్లాస్టిక్ సంచుల్లో కాఫీ నారు పెంచుతున్నారు. తొలకరికి కొండవాలున నాటాలి. గోతులు తవ్వి ఉన్నాయి, నీడచెట్లు ఎదిగి ఉన్నాయి. కావలసిందల్లా ఆ మొక్కలే. కుళాయి నా పెరట్లో ఉంది కాబట్టి, పడవ పక్కనే నారుకి నీడ పందిరి వేసుకోమని నేనే చెప్పాను.

ఆ రోజు విశాఖ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఫొటో కోసం తెరచాప ఎత్తమని అడిగింది. అప్ప నారుకి నీళ్లు పోస్తోంది.

"బాబూ, కొండ మీద మబ్బు నల్లగా కూకుంది. ఆ గుడ్డ ఇప్పుడెత్తకు."

"నీకు కొండ తెలుసప్పా, నాకు గాలి తెలుసు."

"ఇది సముద్రమేటి, గాలి నీ మాట ఇనడానికి?"

వచ్చినవాళ్లు నవ్వారు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. తెరచాపను కొయ్య చివరిదాకా లాగాను. తాడు వదులుగా ఉంటే గాలి పక్కకి జారిపోతుంది, కానీ గుడ్డ టపటపా కొట్టుకుంటుంది, ఫొటోలో బాగుండదు. అందుకే బిగించాను.

గాలి లోయలోంచి ఒక్కసారిగా వచ్చింది. ముడి నా చేతికి లొంగలేదు. నీళ్ల మీదైతే పడవ ఒరిగి మళ్లీ లేస్తుంది. దుంగల మీద ఒరిగింది లేవదు. అప్ప బిందె వదిలేసి పక్కకి దూకింది. నారు పందిరి కూలిన పడవ కిందికి పోయింది.

నేను ముందు పరిగెత్తింది పడవ దగ్గరికి. పక్కలు తడిమి చూశాను. గీత కూడా పడలేదు. తర్వాత అప్ప వైపు తిరిగి, "ఇక్కడ పెట్టొద్దంటే వినవు" అన్నాను.

ఆమె నన్ను చూసింది. "నువ్వే కదా బాబూ పెట్టమన్నావు" అని, కూర్చుని సంచులు ఏరుకోవడం మొదలుపెట్టింది.

సాయంత్రం కంచెకవతల ఆమె మొగుడు కేకలేస్తున్నాడు. "ఆ బాబు ఒద్దన్నా అక్కడెందుకెట్టినావు?" నా అబద్ధం అతని దాకా వెళ్లింది. అప్ప ఏదో చెప్పబోయింది, అతను వినలేదు. నేను వరండాలో కూర్చుని అంతా విన్నాను. లేవలేదు.

పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. "పెట్టమన్నది నేనే. తెరచాప ఎత్తొద్దని అప్ప చెప్పింది కూడా. నిన్న అబద్ధమాడాను" అన్నాను.

అతను నాకేసి చూడకుండా, "సెప్పడానికి బాగానే ఉంది బాబూ. మొక్కలేవి?" అన్నాడు.

మనుషుల్ని పిలిచి పడవ లేపించాను. అంచున ఉన్న కొద్ది మొక్కలే బతికి ఉన్నాయి. నారు కోసం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాను. అప్పటికే ఎవరిది వాళ్లకి చాలీచాలనట్టు ఉంది, ఎవరూ ఇవ్వలేకపోయారు. తెరచాపలు రెండూ విప్పి తీసి, కత్తెరతో నేనే కోసి, మిగిలిన మొక్కల మీద పందిరి వేశాను. వానలు పడేదాకా రోజూ నీళ్లు పోశాను. అప్ప వద్దనలేదు.

తొలకరికి వాళ్లతో పాటు కొండెక్కి ఉన్నవి నాటాను. మిగతా గోతులు ఆ వానలకి పూడిపోయాయి. మరుసటి ఏడు వాటిని నేనే మళ్లీ తవ్వాను.