మా బావ అరచెయ్యి

మా ఆవిడ అన్నను అందరూ చెయ్యి మేస్త్రీ అంటారు. ఇరవై ఎనిమిదేళ్లుగా తన రిపేరు షెడ్డులో చక్రం బేరింగు ఎంత బిగించాలో ఆయన చెయ్యే చెప్పేది. మిగతా మెకానిక్కులు కొలిచేవాళ్లు, మా బావ పట్టుకుని చూసేవాడు. ఓసారి నేను స్ప్రింగు కాటా ఒకటి కొనిచ్చాను. చక్రం బోల్టుకు దారం కట్టి దాంతో లాగితే, ఎంత బలానికి చక్రం కదులుతుందో ముల్లు చూపిస్తుంది. అది మా చెల్లెలికియ్యి, కూరగాయలు తూచుకుంటుంది అని మేకుకు తగిలించేశాడు. నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన బిగించిన బండి ఒక్కటీ మళ్లీ రిపేరుకు రాలేదు కాబట్టి నోరు మూసుకున్నాను.

ఆయనకు ఇంకో అలవాటుంది. పని అయ్యాక తనూ బండెక్కి పది కిలోమీటర్లు వచ్చేవాడు. ఆపించి, దిగి, చక్రం మధ్యనున్న హబ్బు మీద అరచెయ్యి పెట్టేవాడు. బేరింగు మరీ బిగిస్తే హబ్బు కాలిపోతుంది. "చల్లగానే ఉంది, పో" అన్నాడంటే ఇక ఆ బండికి ఢోకా లేదని అందరి లెక్క.

నేను ఆసుపత్రి జీపు తోలతాను. నాలుగు చక్రాలూ లాగే రకం. కొండ మీది ఇళ్లకు నర్సమ్మను తీసుకెళ్లడం, నెలలు నిండిన ఆడవాళ్లను కిందికి దించడం నా పని. ఆ వారం కుడివైపు ముందు చక్రంలో గుయ్యిమని రొద మొదలైంది. స్టీరింగు తన ఇష్టమొచ్చినట్టు పోతోంది. బ్రేకు మొదటిసారి తొక్కితే లోపలికి దిగిపోతోంది, రెండోసారికి గానీ అందడం లేదు. మర్నాడు పొద్దున్నే ఒకావిణ్ణి దించాలి, కడుపులో కవలలు. ఆ మలుపుల్లో చక్రం వదిలేస్తే ఎవ్వరం మిగలం. తిన్నగా షెడ్డుకు పోయాను.

మా బావ జాకీ ఎత్తి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టక్కుమన్న చప్పుడు నాకే వినిపించింది. ఆయన మళ్లీ ఊపాడు, మళ్లీ ఊపాడు. దానికి జోలపాడుతున్నావా బావా అన్నాను. నవ్వలేదు. నన్ను ఎక్కి బ్రేకు తొక్కి పట్టమన్నాడు. తొక్కగానే ఊపు ఆగిపోయింది. బ్రేకు పట్టినా ఊగితే జాయింటు అరిగినట్టు, ఆగిపోతే బేరింగు వదులైనట్టు. బేరింగే.

హబ్బు విప్పితే నట్టు వెనక్కి తిరిగిపోయి ఉంది. దాన్ని కదలకుండా పట్టుకోవాల్సిన వాషరు రెక్క సగమే మడిచి ఉంది. పోయినేడు దాన్ని మడిచింది ఆయనే. బేరింగులు కిరసనాయిల్లో కడిగి, అరగలేదని చూసుకుని, కొత్త గ్రీజు పట్టించి ఎక్కించాడు. చక్రం తిప్పుతూ నట్టు గట్టిగా బిగించి, ఆ తర్వాత కొద్దిగా వదలాలి. ఆ కొద్ది ఎంతో తెలియడమే విద్య. ఆయన కళ్లు మూసుకుని చక్రం తిప్పి చూసి, చాలన్నాడు.

పది కిలోమీటర్లు పోయాక ఆపమన్నాడు. దిగి హబ్బు మీద అరచెయ్యి పెట్టాడు.

"చల్లగానే ఉంది బావా, పో."

నాకు మాడిన గ్రీజు వాసన కొట్టింది. వంగి వేలు తగిలించి, చురుక్కుమంటే వెనక్కి లాక్కున్నాను. ఆయన చెయ్యి ఇంకా దాని మీదే ఉంది. పట్టి లాగాను. అరచెయ్యి అంతా కమిలిపోయి బొబ్బలు లేస్తోంది. మా బావ దాన్ని ఎవరి చెయ్యో అన్నట్టు చూశాడు.

నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ముందు బయటపడింది. ఎన్నాళ్ల నుంచి దాస్తున్నావని గట్టిగా అడిగాను. ఆయన రోడ్డు పక్కన కూలబడ్డాడు. షుగరు వల్లనట, ఏడాదిగా చేతులకు స్పర్శ తెలియడం లేదట. చెల్లెలికి తెలిస్తే బెంగపెట్టుకుంటుందని, ఇక షెడ్డుకు ఎవరూ రారని చెప్పలేదట.

"ఈ ఏడాదంతా బండ్లు వదులుతూనే ఉన్నాను బావా. ఏది చల్లగా ఉందో, ఏది కాలుతోందో నాకు తెలీదు."

చల్లారేదాకా ఆగి, మెల్లగా వెనక్కి తోలుకొచ్చాను.

చేతికి కట్టు కట్టించుకుని వచ్చి, మేకుకున్న కాటా తనే తీశాడు. దుమ్ము చొక్కాకు తుడిచాడు. నట్టు నేను తిప్పాను, ముల్లు ఆయన చదివాడు. మూడుసార్లు విప్పించి నాలుగోసారికి సరేనన్నాడు. వాషరు రెక్క పూర్తిగా మడిచానో లేదో రెండుసార్లు చూశాడు. తర్వాత ఫోను తీసి, ఆ ఏడాది చేసిన బండ్లన్నీ గుర్తు తెచ్చుకుంటూ ఒక్కొక్కరికే చెప్పాడు. మీ చక్రాలు నేను సరిగా చూడలేదు, రేపే తీసుకురండి, అందాకా దూరం పోవద్దు అని. ఒకాయన తిట్టాడు. మా బావ మొత్తం విని, తప్పు నాదేనండీ అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను అంతకుముందు ఎన్నడూ వినలేదు.

పొద్దు వాలకముందే మళ్లీ పది కిలోమీటర్లు పోయాం. ఆయన దిగి, హబ్బు దగ్గర నిలబడి, కట్టున్న చేతిని వెనక్కి పెట్టుకున్నాడు. నువ్వు చూడమని సైగ చేశాడు. నేను అరచెయ్యి ఆనించి, చల్లగానే ఉంది బావా అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. నమ్మాలని ఉంది, ధైర్యం చాలడం లేదు.

మోకాళ్ల మీద కూర్చున్నాడు. మెల్లగా వంగి, హబ్బుకు చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. లేచేసరికి చెంపంతా గ్రీజు, దాని మీదుగా తడి.

"నిజమే బావా. పొద్దున్నే బయల్దేరు."