అక్క అరచేతిలో మాత్ర

ఒక చిన్న వాక్యాన్ని పదేళ్లకు పైగా మింగలేక, కక్కలేక మోస్తున్నాను. చెప్పడానికి ఒక్క ఊపిరి చాలు. చెప్పాల్సిన చోట చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి అడిగినప్పుడు కూడా చెప్పలేదు. ఆ మనిషి ఇప్పుడు లేదు. మీరెవరో నాకు తెలియదు, నా పేరుతో మీకు పనిలేదు. ముఖం కనపడని వాళ్లకైతే చెప్పగలనేమోనని కూర్చున్నాను. భయంగా ఉంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా నేను తప్పించుకుంటున్నట్టు అనిపిస్తే, అది ఆ భయం వల్లేనని మీరు పట్టుకోవాలి.

మా చర్చిల్లో సాక్ష్యం చెప్పడమని ఒక అలవాటు ఉంది. పాటలయ్యాక, ప్రసంగానికి ముందు, ఎవరైనా లేచి నిలబడి యేసు ప్రభువు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. బిడ్డ పుట్టిందని, తాగుడు మానానని, తప్పిపోయిన గేదె దొరికిందని. విన్నవాళ్లు స్తోత్రం అంటారు. ఒకసారి నేనూ లేచాను. నేను చెప్పిన దాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఒక నిజాన్ని మాత్రం తీసేశాను. ఆ సాక్ష్యం నమ్మి మా అక్క చనిపోయింది.

రాసేశాను. ఇంత త్వరగా వస్తుందనుకోలేదు. ఇక మిగతాది చెప్పక తప్పదు.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. ఆమె ఊరు ఉయ్యూరు దాటాక లోపలికి, కాలవ గట్టు పక్కన. బావ చిన్న వయసులోనే పోయాడు. ఒక్క కూతురు. నాట్లకీ కోతలకీ వెళ్లి ఆ పిల్లనీ, కొంతవరకు నన్నూ చదివించింది. చిన్నప్పటి జ్వరమేదో గుండెను పాడుచేస్తే విజయవాడలో ఆపరేషన్ చేసి వాల్వు మార్చారు. ఆ వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి, బతికినన్నాళ్లూ. నెలకోసారి రక్త పరీక్షకు పల్లెవెలుగు బస్సులో వచ్చేది. పరీక్ష అయ్యాక, నేను పనిచేసే కాలేజీ హాస్టల్లో నాకిచ్చిన గదికి వచ్చి, స్టీలు డబ్బాలో తెచ్చిన చేపల పులుసు నాకు పెట్టి, నేను తినేదాకా కూర్చుని, ఆ పైన తన మాత్ర తీసేది.

ఆ మాత్ర వేసుకునే తీరు చెప్పాలి. అరచేతిలో పెట్టుకునేది. కళ్లు మూసుకునేది. "అయ్యా, ఇది నీ చేత్తో ఇచ్చావనుకుని వేసుకుంటన్నా" అనేది. నీళ్లు తాగేది. ఎప్పుడూ అదే మాట. నాకది కొంచెం నవ్వుగా ఉండేది. ఆమె యేసు ప్రభువుతో అన్నం వార్చేటప్పుడు మాట్లాడేది, బస్సు కోసం నిలబడినప్పుడు మాట్లాడేది, పొరుగింటావిడ మీద కోపం వస్తే ఆ చాడీ కూడా ఆయనకే చెప్పేది. అది ప్రార్థనలా ఉండేది కాదు. ఇంట్లో ఉన్న మనిషితో పని చేసుకుంటూ మాట్లాడినట్టు ఉండేది.

నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఒక కోచింగ్ కాలేజీలో జువాలజీ చెబుతాను. అక్కడ ఫిజిక్స్ చెప్పే మిత్రుడొకాయన, హిందువు, మంచి మనిషి, ఒకసారి నవ్వుతూ అడిగారు. "మీవాళ్లు ప్రతిదాన్లోకీ ఆయన్నే తెస్తారేంటండీ మాస్టారూ. బస్సులో సీటు దొరికినా ఆయనే, పులుసులో ఉప్పు కుదిరినా ఆయనే. ఆదివారం ఒక్కరోజు పెట్టుకోవచ్చుగా." చదివిన పుస్తకాల్లోంచి ఏదో జవాబు చెప్పాను. ఆయన మర్యాదగా తలూపారు. ఆ నెల అక్క వచ్చినప్పుడు అదే ప్రశ్న ఆమెను అడిగాను. పులుసు డబ్బా కడుగుతోంది. తల తిప్పకుండానే చెప్పింది.

"పొద్దున లేస్తే ఎవరో ఒకరికి చెప్పుకోవాలిగా తమ్ముడూ. చెప్పుకుంటే ఊరంతా చాటనోడు ఆయనొక్కడే."

క్రైస్తవులు యేసును బతుకు మధ్యలో ఎందుకు పెట్టుకుంటారో నేను చాలాచోట్ల చదివాను. ఇంతకంటే నిజమైన జవాబు ఎక్కడా కనపడలేదు. ఇవాళ నన్ను భయపెడుతున్నది ఆ మాటే. దాని దగ్గరికి వస్తాను.

అక్క ఆపరేషన్ అయిన కొన్నేళ్లకు నాకు దగ్గు పట్టుకుంది. సాయంత్రమైతే జ్వరం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనపడింది. టీబీ అన్నారు. ఆరు నెలలు మానకుండా మాత్రలు వాడితే పూర్తిగా పోతుందన్నారు. నేను భయపడింది రోగానికి కాదు, దాని పేరుకు. గది నిండా పిల్లలు కూర్చునే చోట టీబీ వచ్చిన లెక్చరర్‌ని ఉంచుకుంటారా? అప్పుడే పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. టైఫాయిడ్ అని చెప్పి, ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరు అనేదాకా సెలవు పెట్టాను. అక్కకు మాత్రం ఊపిరితిత్తి మీద మచ్చ ఉందన్నాను. టీబీ అనలేదు. మాత్రల ఊసెత్తలేదు. ఆమెకు చెబితే ఆయనకు చెబుతుంది. ఆయన చాటడు గానీ, అక్కది పెద్ద గొంతు.

హాస్టల్లో ఉన్నది అందరి బాత్రూమే. పరగడుపున అక్కడికి వెళ్లి, కుళాయి తిప్పి ఉంచి, నిలబడి గబగబా మింగేవాణ్ణి. ఆ మాత్రలకు మూత్రం ఎర్రగా వచ్చేది. ఎవరూ చూడకుండా మళ్లీ మళ్లీ నీళ్లు పోసేవాణ్ణి. ఒక్క రోజు కూడా మాత్ర మానలేదు. ఒక్క రోజు కూడా ప్రార్థన చేయలేదు. ఊళ్లో మాత్రం అక్క చర్చివాళ్లు నా కోసం శుక్రవారాలు ఉపవాసం ఉన్నారు. గుండె జబ్బు మనిషి, అక్క కూడా ఉంది.

మచ్చ పోయింది.

ఆ ఏడు కోత పండుగకు అక్క నన్ను రమ్మంది. పంటలో మొదటిది తెచ్చి చర్చిలో పెడతారు, ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, వడ్ల బస్తాలు, కాళ్లు కట్టిన కోళ్లు. అంతకుముందు ఏడు అక్క తన పుంజునిచ్చి, మళ్లీ తనే వేలం పాడుకుని, దీని పొగరు భరించడం ఇంకొకరి వల్ల కాదని అందరినీ నవ్వించిందట. నేను ఖాళీ చేతులతో వచ్చానని సిగ్గుపడుతుంటే, నువ్వు సాక్ష్యం తెచ్చావుగా, అదే నీ పంట అంది.

లేచి నిలబడ్డాను. మచ్చ కనపడిందని చెప్పాను. మీరంతా ప్రార్థన చేశారని చెప్పాను. మళ్లీ తీసిన ఎక్స్‌రేలో మచ్చ లేదని చెప్పాను. ఆ మాటల మధ్య చోటుంది. మాత్రలు ఆ చోట్లో ఉండాలి. నాలుక దాకా వచ్చాయి కూడా. ఎదురుగా చాపల మీద కూర్చున్న ముఖాలు చూశాను. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. మాత్రల మాటెత్తితే ఆ చూపు మారిపోతుందనిపించింది. మహిమంతా ఆయనకేనని చెప్పి కూర్చున్నాను. స్తోత్రం అన్నారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఎందుకు తీసేశాను? టీబీ అంటే సిగ్గు అని చాలాకాలం జవాబు చెప్పుకున్నాను. కానీ మాత్రలు వాడానన్నంత మాత్రాన టీబీ అని చెప్పక్కర్లేదు. ప్రభువు మహిమ తగ్గకూడదనుకున్నానా? నిజం దాస్తే తప్ప నిలవని మహిమైతే, ఆయన్ని నేను ఎంతవాడని అనుకున్నట్టు? అసలు సంగతి ఇదనుకుంటాను. పుస్తకాలు చదువుతూ, ఎప్పుడూ వెనక వరసలో కూర్చుంటూ, పాటలు పెదవులతో మాత్రమే పాడే నాకు, ఆ ఒక్క పూట అద్భుతం జరిగిన మనిషిగా ఉండాలనిపించింది. మాత్రలు మింగినప్పుడు ఆయన్ని తలచుకోలేదు. ఆయన గురించి చెప్పినప్పుడు మాత్రల్ని తలచుకోలేదు. అక్క అరచేతిలో రెండూ కలిసే ఉండేవి. విడదీసింది నేను.

తర్వాతి నెల అక్క పరీక్షకు వచ్చింది. ఆ పై నెల రాలేదు. ఫోన్ చేస్తే మినుము పీకుళ్లంది. ఇంకో నెలా రాలేదు. గొంతు సంతోషంగా ఉంది. మాత్ర వేసుకుంటున్నావా అని నేను అడగలేదు. అడిగితే లేదంటుందని నాకు తెలుసు. ఎందుకు మానావంటే నిన్ను చూసే అంటుంది. అప్పుడు నేను చెప్పాల్సి వస్తుంది. రక్తం ఎలా గడ్డకడుతుందో ఏటా బోర్డు మీద బొమ్మ వేసి పిల్లలకు చెప్పేవాణ్ణి నేను. ఆ వారమూ అదే పాఠం చెప్పాను. సుద్దముక్కతో గడ్డ బొమ్మ కూడా వేశాను. ఆ చెయ్యి ఫోన్ మీదికి మాత్రం పోలేదు.

ఆ ఊరి పాస్టరుగారు, అయ్యగారు అంటాం, ఆమెను మందలించారని తర్వాత తెలిసింది. మందులు మానమని ప్రభువు ఎక్కడన్నాడమ్మా, రేపే వెళ్లి తెచ్చుకో అన్నారట. మా తమ్ముడికి మందు లేకుండానే చేసినోడు నాకు చెయ్యడా అయ్యగారూ అందట. మాత్ర పట్టుకుని కూర్చోవడం ఆయన్ని నమ్మనట్టే కదా అందట. అయ్యగారి మాట కాదని నా మాట నమ్మింది. తను పెంచిన పిల్లవాడు చర్చిలో నిలబడి సగం చెబుతాడని ఆమె ఎలా అనుకుంటుంది?

ఊపిరాడని స్థితిలో విజయవాడ తీసుకొచ్చారు. వాల్వు మీద రక్తం గడ్డకట్టింది, మళ్లీ ఆపరేషన్ చేయాలి, ఏమీ చెప్పలేం అన్నారు. మాత్ర ఎప్పుడు మానేశారని డాక్టరు అడిగితే అక్క నా వైపు చూసింది, తప్పు చేసి దొరికిపోయిన చిన్నపిల్లలా. లోపలికి తీసుకెళ్లే ముందు కాసేపు మేమిద్దరమే ఉన్నాం. మూతి మీది మాస్కు పక్కకు జరిపింది.

"తమ్ముడూ, నువ్వెట్టా అడిగావురా ఆయన్ని?"

"అందరూ అడిగినట్టేనక్కా."

"నేనూ అట్టానే అడిగా. నాలోనే ఏదో తక్కువయి ఉంటది. ఏం తక్కువో చెప్పరా. చదువుకున్నోడివి."

"ఇప్పుడు మాట్లాడకక్కా. ఆయాసం వస్తుంది."

నిజమే, ఆయాసం వస్తోంది. ఆ మాట దొరికినందుకు నాకు హాయిగా అనిపించింది. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఆ హాయే. ఆమె మంచి కోసమే ఆపానని ఆ క్షణాన నేను నమ్మాను కూడా. అక్క తలూపి మాస్కు మళ్లీ పెట్టుకుంది. తీసుకెళ్లారు. ఆ తర్వాత మాట్లాడలేదు.

చెప్పినా బతికేది కాదేమో. కానీ తనలో ఏం తక్కువయిందో వెతుక్కుంటూ పోయేది కాదు. నన్ను తిట్టి పోయేది. తిట్టి పోవాల్సింది.

అప్పటినుంచీ ఆ ఊరి చర్చిలో మా ఇద్దరి కథా జంటగా చెబుతారు. తమ్ముడు నమ్మాడు, స్వస్థత పొందాడు. అక్క పాపం మంచిదే, విశ్వాసం చాలలేదు. చెడ్డగా ఏమీ అనరు. జాలిగానే అంటారు. నేను ఇంకెప్పుడూ సాక్ష్యం చెప్పలేదు. దుఃఖం వల్ల అనుకున్నారు. ఆదివారం ఆ సమయానికి మంచినీళ్లకని బయటికి పోతాను.

పెళ్లయింది. మా ఇంట్లో ఏ పనైనా ఆయనతోనే మొదలవుతుంది. స్కూటర్ తీసే ముందు నా భార్య హ్యాండిల్ మీద చెయ్యేసి ఒక మాట అంటుంది. అన్నం ముందు ప్రార్థన నన్ను చెయ్యమంటుంది. కళ్లు మూసుకుంటాను, రెండు మాటలని ఆమెన్ అనేస్తాను. బయటివాడికి భయపడితే ఇంట్లో దాక్కోవచ్చు. ఇంటి మధ్యలో ఉన్నవాడికి భయపడితే ఎక్కడికి పోతాం? ఆయనకు తెలుసు. ఇన్నేళ్లలో ఆయన ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు, కలలో కూడా ఎవరికీ చెప్పలేదు. చాటనివాడని అక్క అన్నది నిజమే. ఎవరితోనైనా చెప్పించినా బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆయన ఎదురుచూస్తున్నాడా, నన్ను వదిలేశాడా? ఏది ఎక్కువ భయమో తేల్చుకోలేకపోతున్నాను.

పోయిన వారం అక్క కూతురు వచ్చింది. ఇప్పుడు గన్నవరంలో ఉద్యోగం. తల్లి జ్ఞాపకార్థ కూడిక ఊరి చర్చిలో పెడుతున్నానని, అందులో నా సాక్ష్యం చెప్పమని అడిగింది. అమ్మకు అదంటే ఇష్టం కదా అంది. సరేనన్నానో కాదన్నానో గుర్తులేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగింది. "అమ్మలో ఏం తక్కువయిందో రోజూ ఆయన్ని అడుగుతా మామయ్యా. ఒక్కరోజూ చెప్పడు" అంది. తల్లి గొంతే.

ఆయన చెప్పడు. చెప్పాల్సింది ఆయన కాదు.

కూడికకు ముందే ఆ పిల్ల దగ్గరికి వెళ్లి చెబుతాను. తర్వాత చర్చిలో, అవే చాపల ముందు నిలబడి. ఈ కాగితం ఇవ్వను, నోటితోనే చెబుతాను. ఆ తర్వాత ఆమె నన్ను మామయ్యా అని పిలుస్తుందో లేదో తెలియదు. క్షమించమని అడగను. అడిగితే, వాళ్లమ్మ కూతురు కదా, క్షమించాలేమోనని తంటాలు పడుతుంది. ఆ బరువు కూడా ఆమె మీద పెట్టలేను. మీరూ ఏమీ అనక్కర్లేదు. విన్నారు, చాలు. భయం తగ్గలేదు గానీ ఊపిరి కొంచెం ఆడుతోంది.

ఆ రోజు మంచం పక్కన అనాల్సింది ఒకటి మిగిలింది.

అక్కా, నీలో ఏమీ తక్కువ కాలేదు. నేను మాత్రలు వేసుకున్నాను. ఆరు నెలలూ, ఒక్క రోజు మానకుండా.