రెండో బటన్ నొక్కు నాయనా

కర్ణాటకలో చింతామణిలోని మా ఇంటికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చినప్పటి నుంచి కంప్యూటరు నా మాట వినడం మానేసింది. అంతకుముందు చెప్పిన పని చేసేది, లేదా చెడిపోయి కూర్చునేది. టెలిఫోను తీగ తగిలించాక తనంతట తానే అప్‌డేట్లు తెచ్చుకుని లోపల పెట్టుకోవడం, ఆపైన తెర మీద ఒక పెట్టె తెరిచి ‘ఇప్పుడే రీస్టార్ట్ చేయాలా, తర్వాతా’ అని ఇంగ్లీషులో అడగడం నేర్చుకుంది. తర్వాత అంటే పది నిమిషాలు. పది నిమిషాలు కాగానే మళ్ళీ అదే పెట్టె. మనం దగ్గర లేకపోతే తనే నిర్ణయం తీసుకుని ఆరిపోయి వెలిగేది. నేను హైస్కూల్లో టీచర్ని. కాఫీ కలుపుకుని వచ్చేలోపు సగం క్వశ్చన్ పేపరు అలా పోగొట్టుకున్నాను. ఆ రోజు దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అప్‌డేట్లు ఆపేసుకోవచ్చని తెలుసు గానీ, వైరస్‌లు వస్తాయన్న భయంతో ఆపలేదు.

అలాంటి సమయంలో మా నాయన ఆ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. బాగేపల్లిలో ఉండే మా చిన్నాయనకు జాబు రాయాలని.

అన్నదమ్ములిద్దరికీ మాటలు లేక అప్పటికి ఏడేళ్ళు. భూమి పంచుకునేటప్పుడు బావి విషయంలో మాట పెరిగింది. పెద్దమనుషుల ముందు నాయన తమ్ముణ్ణి అబద్ధాలకోరు అన్నాడు. చిన్నాయన ఆ రోజు తువ్వాలు దులుపుకుని వెళ్ళినవాడు మళ్ళీ మా గడప తొక్కలేదు.

"ఫోన్ చేయొచ్చు కదా నాయనా?" అన్నాను.

"ఫోన్లో ఆ మాట నోట్లోనుంచి రాదమ్మా."

చేత్తో రాయమంటే ఒప్పుకోలేదు. కుడిచెయ్యి వణుకుతోంది. వంకర అక్షరాలు చూసి తమ్ముడు తన మీద జాలిపడతాడని నామోషీ. పోనీ చెప్పు, నేను టైపు చేస్తానంటే, "అది కూతురితో రాయించే జాబు కాదు" అన్నాడు. మా నాయన మొండితనం ముందు ఏ మిషనూ చాలదు.

మా ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదువుకున్నది కన్నడం. నాయన తెలుగు మాటల్ని కన్నడ అక్షరాల్లో రాస్తాడు. అందుకని చిన్న చిన్న కాగితం ముక్కల మీద కన్నడ అక్షరాలు రాసి కీబోర్డు మీద గమ్ముతో అంటించాను. ఆయన కూడా తన వంతుగా ఒక కాగితం తెచ్చి మానిటర్ పక్కన అంటించాడు. వారంలో ఏ రోజు రాహుకాలం ఎప్పుడో అందులో ఉంది. సోమవారం పొద్దున ఏడున్నర, శుక్రవారం పదిన్నర, ఆదివారం సాయంత్రం నాలుగున్నర, ఇలా. ఆ గంటన్నరలో ఆయన కొత్త పని ఏదీ మొదలుపెట్టడు. చెప్పు కొత్తదైతే కాలికి తొడగడు.

ఇంగ్లీషు ఆయనకు రాదు. రీస్టార్ట్ పెట్టెలో రెండో బటన్ ‘తర్వాత’ కాబట్టి నేను నేర్పిన పాఠం ఒక్కటే. "ఏ పెట్టె వచ్చినా రెండో బటన్ నొక్కు నాయనా. సాయంత్రం నేనొచ్చి చూసుకుంటా."

గురువారం సాయంత్రం ఆయన రాసినంత వరకు నేనే సేవ్ చేశాను. చదవకూడదనుకుంటూనే చదివాను. ‘ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం తెలియజేయి. నీకు ఒక మాట చెప్పాలని ఈ జాబు రాస్తా ఉండాను. అదేమంటే’. అక్కడ ఆగి ఉంది.

శుక్రవారం బడి నుంచి వచ్చేసరికి నాయన గుమ్మంలోనే ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అంతా రాసేస్తినమ్మా! పొద్దున ఆరింటికి కూచొంటే పదిన్నరకు అయిపాయ. అంతలో నీ పెట్టె వచ్చింది. రాహుకాలంలో ఆరిపోయి మళ్ళీ మొదలయ్యేది మంచిది కాదని రెండోది నొక్కితిని. అది వస్తానే ఉండాది, నేను నొక్కతానే ఉండాను. పన్నెండు దాకా కుర్చీ దిగలేదు."

"పన్నెండు తర్వాత?"

"మంచి టైమొచ్చింది కదా, పాపం అదీ ఎంతసేపని అడుగుతుందని మొదటిది నొక్కితిని. ఇంకో పెట్టె వచ్చింది. నువ్వు చెప్పినట్లే రెండోది నొక్కితిని. ఆరిపోయి చక్కగా వెలిగింది."

ఆ ఇంకో పెట్టె ఏమిటో నాకు వెంటనే అర్థమైంది. రాసింది సేవ్ చేయాలా అని అడిగే పెట్టె. అందులో రెండో బటన్ అంటే వద్దు. ఫైలు తెరిచి చూశాను. ‘అదేమంటే’ దగ్గరే ఆగి ఉంది. ఆ తర్వాత తెల్లటి తెర.

నాయన తెరకు దగ్గరగా వంగి చూశాడు. "మిగిలింది యాడ పాయ?"

చెప్పాను. తప్పు ఆయనది కాదని, పాఠం నాదేనని కూడా చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "పోనీలే. రాసే యోగం లేదు నాకు. మళ్ళా అదంతా రాసేకి చేతగాదు," అని పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ఆ సగం జాబునే ప్రింటు తీశాను. నాయనకు చెప్పకుండా కవర్లో పెట్టి, బాగేపల్లి అడ్రసు రాసి, బడికి వెళ్తూ పోస్టు డబ్బాలో వేశాను. మంచి పనో పాడు పనో ఆలోచించలేదు. ఊరకే కూర్చోలేకపోయాను, అంతే.

పై వారం ఆదివారం సాయంత్రం నాయన కంప్యూటరు గదిలో పేపరు చదువుకుంటున్నాడు. గుమ్మం ముందు చెప్పుల చప్పుడైంది. చిన్నాయన. జుట్టు బాగా నెరిసింది. చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నాయన ముందు పట్టుకున్నాడు.

"అదేమంటే అని రాసి ఇడిచిపెట్టినావే. నీకు ఒంట్లో బాగలేదేమోనని నాకు నిద్ర పడితే ఒట్టు. అదేమో చెప్పన్నా."

నాయన కాగితం చూశాడు, నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"తప్పు నాదేరా. నలుగురి ముందర నిన్ను అబద్ధాలోడంటిని. అనకూడని మాట అది."

చిన్నాయన కళ్ళు తుడుచుకుని, కీబోర్డు మీది కాగితం ముక్కల వైపు చూశాడు. "ఇంత మాటకు ఈ మిషన్ కావల్సొచ్చెనా అన్నా?"

మానిటర్ పక్కన నాయన అంటించిన రాహుకాలం కాగితం అలాగే ఉంది. గోడ గడియారంలో ఐదు దాటి పది నిమిషాలైంది. నాయన రెండింటి వైపూ చూడలేదు. తమ్ముడి చెయ్యి పట్టుకుని, "రా, కూచో," అన్నాడు.