సూదక్క కుర్చీ

మా ల్యాబులో రక్తం తీసే సూదక్కకు ఒకటే పిచ్చి. వచ్చిన మనిషిని అరగంట కుర్చీలో కూర్చోబెట్టనిదే సూది ముట్టుకోదు. ఫ్యాను బాగుచేయడానికి వచ్చినతన్ని కూడా కూర్చోబెట్టింది. తను రక్తమివ్వడానికి రాలేదన్న సంగతి పాపం అతనికి ఇరవై నిమిషాలకు గుర్తొచ్చింది.

నాది రిపోర్టులు టైపు చేసే పని. చదువు మధ్యలో ఆగింది కానీ పుస్తకాలు ఆగలేదు. అందుకని ఏ పుస్తకంలోనూ లేని ఆమె పద్ధతి చూస్తే ఒళ్ళు మండేది.

"షుగర్ పరీక్షకు అరగంటెందుకక్కా?"

"మెట్లెక్కి వచ్చాడు కదా తమ్ముడూ. రక్తానికి మాత్రం ఆయాసం ఉండదా?"

అయినా ఆ చేతికి దండం పెట్టాలి. నరం దొరక్క వేరేచోట నాలుగు పోట్లు తిన్నవాళ్ళు సైతం "ఎప్పుడు గుచ్చుతారు?" అని అడిగేవాళ్ళు. అప్పటికే ఆమె దూది అంటించి, గొట్టం మీద నంబరు రాస్తూ ఉండేది.

ఒక ఉదయం అత్తాకోడళ్ళు వచ్చారు. పిల్లలు ఎందుకు పుట్టడం లేదో తేల్చే పరీక్షలు. వేరేచోట ప్రొలాక్టిన్ అనే హార్మోను ఎక్కువ చూపించిందట. డాక్టరమ్మ మళ్ళీ చేయించమంది.

"ఈసారీ తేడా వస్తే మావాడికి ఇంకో సంబంధం చూస్తాం," అంది అత్త, గదిలో అందరికీ వినబడేలా. కోడలు చేతిసంచీ పట్టీని మెలిపెడుతోంది.

సూదక్క తలెత్తింది. "మీరు బయట కూర్చోండి పెద్దమ్మా."

"నేనేం చేశాను?"

"భయపడితే ఆ హార్మోను పెరుగుతుంది. మీరేమో మాట్లాడుతున్నారు."

గబగబా ల్యాబు పరీక్షల పుస్తకం తిరగేశాను. నిజమే, ఉంది.

అరగంటయింది. గంటయింది. కోడలు కుర్చీలోనే కళ్ళు మూసుకుని వెనక్కి వాలింది. సూదక్క కదలదు.

"అక్కా, పుస్తకంలో అరగంటే ఉంది."

"అది రాసినాయన అత్తారింట్లో కాపురం చేసి ఉండడులే. ఉండనీ. ఎవరూ ఏమీ అడగని చోటు ఆ పిల్లకి ఇంకెక్కడుంది?"

ఆ కుర్చీ దేనికో నాకు అప్పుడు అర్థమైంది.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. అంకె ఉండాల్సిన హద్దులోనే ఉంది. కోడలు రెండుసార్లు చదువుకుంది.

"మరి లోపం ఎవరిదట?" అంది అత్త.

"మీ అబ్బాయికి పరీక్షే కాలేదుగా. ముందు మీరు కూర్చోండి," అంది సూదక్క.

"నాకేం పరీక్ష?"

"ఏమీ లేదు. ఊరికే."

ఎందుకో కూర్చుంది. పావుగంట గోడ చూసింది. తర్వాత మెల్లగా, "పెళ్ళైన ఏడేళ్ళకు పుట్టాడు వాడు. ఆ ఏడేళ్ళూ మా అత్త నన్ను..." అని ఆగింది. కోడలి మొహం చూడలేక ఆమె చేతిలోని రిపోర్టు చూసింది.

లేస్తూ అంది: "సంబంధం లేదు, గింబంధం లేదు. రేపు వాణ్ణి నేనే లాక్కొస్తా. ముందు ఓ గంట ఇక్కడ కూర్చోబెట్టండి."

మగవాళ్ళ పరీక్షకు కూర్చోవడంతో పనిలేదని చదివాను. చెబుదామని నోరు తెరిచాను. సూదక్క నావైపు చూసింది.

"గంటన్నర కూర్చోబెడదాం పెద్దమ్మా," అన్నాను.